తారు పూయని పడవ

పడవ కొనడానికి పోతూ భార్యను వెంట తీసుకెళ్ళే మగవాళ్ళు శబరి నది ఒడ్డున మా కొంటా ఊళ్ళో ఎవరూ లేరు. మా ఆయన నన్ను తీసుకెళ్ళాడు. నా మీద ప్రేమ కొద్దీ అనుకుని మంచి చీర కట్టుకున్నాను. చింతూరు దాటాక బస్సులో అసలు సంగతి చెప్పాడు.

"బేరమాడాలంటే ఈ మధ్య నాకు నోరు లేస్తలేదే. భుజంతో పాటు అది కూడా పోయింది. నువ్వు పక్కనుంటే చాలు."

భుజం పోయింది అంతకు ముందు వానాకాలంలో. గోదావరి పొంగితే మా శబరికి ముందుకు పోయే దారి ఉండదు, వెనక్కి తన్ని ఊళ్ళోకి వస్తుంది. ఆ రోజు నీళ్ళు మా వీధి మొదటికి వచ్చేసరికి నేను కుట్టుమిషన్‌ను మంచం మీదికి ఎక్కిస్తున్నాను. ఆయన పడవను మెరక మీదికి లాగి కట్టొస్తానని వెళ్ళాడు. ఎంతకీ రాకపోతే నేనూ వెళ్ళాను. తాడు చేతికి చుట్టుకుని మొల లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. పైనుంచి కొట్టుకొచ్చిన మొద్దొకటి పడవకు తగిలింది. "వదిలెయ్యయ్యా, వదిలెయ్యి" అని నేను గట్టు మీద నుంచి అరుస్తూనే ఉన్నాను. వదల్లేదు. చివరికి తాడే తెగింది. పడవ పోయింది, ఆయన కుడి భుజం కీలు జారింది.

భద్రాచలంలో కట్టు కట్టారు. కట్టు విప్పాక చెయ్యి భుజం కంటే పైకి లేవలేదు. చేపలు పట్టేవాడికి, బజారు రోజున దిగువ ఊళ్ళ నుంచి మనుషుల్నీ ఇప్పపువ్వు గంపల్నీ తెచ్చేవాడికి చెయ్యి లేవకపోతే ఏం మిగులుతుంది? వరద నీళ్ళు తీశాక కొన్నాళ్ళు చింతపండు గోదాములో బస్తాల దగ్గర కూర్చున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి మాట్లాడేవాడు కాదు. నా దర్జీ దుకాణం మీదే ఇల్లు గడిచింది. బడిపిల్లల యూనిఫారాలు, జాకెట్లు, పోలీసు క్యాంపు జవాన్లు తెచ్చే పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, ఇదీ నా పని.

మాఘం దాటి ఎండ ముదురుతుండగా ఒకరోజు అన్నం తింటూ తింటూ, "తెరచాప ఉన్న పడవ కొందాం" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. మా దగ్గర ఎవరికీ తెరచాప లేదు. గడ వేస్తారు, తెడ్డు వేస్తారు, ఉన్నవాళ్ళు ఇంజను పెట్టుకుంటారు. ఆయన నింపాదిగా చెప్పాడు. కిందికి పోవడానికి నది మోస్తుంది. పైకి రావడమే కష్టం. గడ వేయాలంటే భుజం కావాలి. ఇంజను ఎత్తి పెట్టాలన్నా భుజం కావాలి, పైగా డీజిల్. ఎండాకాలం మధ్యాహ్నం దాటితే దక్షిణపు గాలి నది మీద పైకి కొడుతుంది. గోదావరి వైపు ముసలాళ్ళు ఇంకా దాని మీదే వస్తారు. అన్నం చల్లారిపోతున్నా చెబుతూనే ఉన్నాడు. అన్ని నెలల్లో అంత మాట్లాడింది అదే మొదటిసారి. నా దగ్గరున్న గొలుసు గురించి ఆయన అడగలేదు. నేనే తీసి ఇచ్చాను.

బీజాపూర్ రూట్లో జీపు నడిపే మా అన్నయ్యకు ఈ సంగతి తెలిసి నవ్వాడు. "చెల్లే, ఇంకా చెక్క పడవేంది? ఫైబర్ కొనుక్కోండి. పుచ్చదు, చెదలు పట్టదు, తారు పనిలేదు. ఇద్దరు ఎత్తుకుపోవచ్చు." అన్నయ్య చెప్పిందీ తప్పు కాదు. అందుకని మొదట ఫైబర్ పడవ చూడటానికే వెళ్ళాం.

గోదావరి ఒడ్డున రోడ్డు పక్క పెద్ద షెడ్డు. ఎరుపూ పసుపూ పడవలు వరసగా బోర్లించి ఉన్నాయి, కడిగిన పళ్ళేల్లా నున్నగా. మా ఆయన ఒక్క ఎడమ చేత్తోనే ఒకదాని ముక్కు పైకెత్తాడు. ఆయన మొహం వెలిగింది. నేను లోపల చెయ్యి పెట్టి తడిమాను. ఎక్కడా అతుకు లేదు. నాకైతే నచ్చింది. ధర విన్నాక లెక్కేసుకున్నాను. ఆ డబ్బుతో మా ఇంటి మీద రేకులన్నీ మార్చుకుని ఇంకో మిషన్ కూడా కొనుక్కోవచ్చు.

షెడ్డు ఆయన మంచివాడు. ఎక్కడ నుంచి వచ్చారని అడిగాడు. కొంటా అనగానే, "మీది రాళ్ళ నది గదన్నా" అన్నాడు. "నేను చెరువులోళ్ళకి అమ్ముతా ఇవి. రాయి గీసుకుని పొర లేచిందనుకో, మీరు అతకలేరు. ఇక్కడికే తేవాలి. తెరచాప పెడతానంటున్నావు, ఇది తేలిక. గాలి పక్క నుంచి కొడితే ఆకు లెక్క జరిగిపోతది. నా మాట విని బాగా ఆలోచించుకుని రండి."

అమ్మేవాడే అలా చెప్పాక ఇంక ఆలోచించేదేముంది? కానీ మా ఆయన ఆ పడవ ముక్కు మీద నుంచి చెయ్యి తీయడానికి కొంచెం సేపు పట్టింది.

రెండో పడవ సంగతి ఆయన మేనత్త చెప్పింది. ఆమెది కూనవరం. ఆ పక్క ఊళ్ళో ఒక ముసలాయన తెరచాప పడవ అమ్ముతున్నాడట. డ్యాం నీళ్ళొస్తాయని ఊరు ఖాళీ చేయిస్తున్నారు. వాళ్ళకిచ్చిన కాలనీ నదికి చాలా దూరం, అక్కడ పడవతో పనేముంది? మధ్యాహ్నానికి ఆ ఊరు చేరాం. సగం ఇళ్ళకు కప్పులు లేవు. తలుపులు, దూలాలు అన్నీ పీక్కుని పోయారు. మిగిలిన ఇళ్ళలో చివరిది ముసలాయనది.

తాత వాకిట్లో వల అల్లుతున్నాడు. మేం వచ్చిన చప్పుడుకి తలెత్తాడు కానీ చూపు మా మీద నిలవలేదు. రెండు కళ్ళలోనూ తెల్లటి శుక్లాలు. అయినా చేతులు వల మీద ఆగలేదు.

"కొంటా వాళ్ళా? శబరి మీద నేను తిరగని రేవు లేదు" అని మొదలుపెట్టాడు. ఆ పడవలో ఏయే సరుకు ఏ ఊరికి తెచ్చాడో, ఏ పెళ్ళివాళ్ళను ఏ వాగు దగ్గర దింపాడో అన్నీ చెప్పాడు. ధర కూడా చెప్పాడు. ఫైబర్ పడవలో సగం. పాత పడవకు అది ఎక్కువే, కానీ ఆయన చెప్పిన తీరుకి తగ్గించమని అడగబుద్ధి కాలేదు.

ఆయన కొడుకు మమ్మల్ని రేవుకు తీసుకెళ్ళాడు. నలభై దాటిన మనిషి, చేతులనిండా తారు మరకలు. పడవ కొత్తదానిలా నల్లగా నిగనిగలాడుతోంది. మా ఆయన చుట్టూ తిరిగి చూశాడు. వేలి కణుపులతో అక్కడక్కడా కొట్టాడు. ఒకచోట ఆగి మళ్ళీ కొట్టాడు. తర్వాత నా వైపు చూసి, "నీ సంచిలో దబ్బనం ఉన్నదా?" అన్నాడు.

గోనెసంచులు కుట్టే దబ్బనం నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. తీసిచ్చాను. నీటి గీతకు కొంచెం కింద, తారు మీద ఆనించి నొక్కాడు. పండిన బొప్పాయిలోకి దిగినట్టు దిగింది. ఇంకో జానెడు పక్కన గుచ్చాడు. అక్కడా అంతే.

కొడుకు తల దించుకున్నాడు. "రెండు పలకలు పూర్తిగా పోయినయన్నా. నాకు తెలుసు. మా అయ్యకి తెలవదు. ఆయనకు ఊరు పోతున్నదనే దిగులే సరిపోయింది, పడవ కూడా పోయిందని ఎట్టా చెప్పాలె? తారు పూస్తే మంచిగున్నదని తడిమి సంతోషపడ్డడు. కొనేవాళ్ళు చూసుకోకుండా కొంటరా అని ఊరుకున్నా. మీరు ధర కుదరలేదని చెప్పి పోండి. నీకు దండం పెడతా."

మేం తాత ఇంటికి తిరిగొచ్చాం. ధర కుదరలేదని మా ఆయన చెప్పేస్తాడనే అనుకున్నాను. తాత అప్పటికే వల పక్కన పెట్టి కూర్చున్నాడు.

"ఏంది నాయనా, నచ్చిందా?"

మా ఆయన నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. బస్సులో ఆయన చెప్పింది గుర్తొచ్చి నేనే అందుకున్నాను. "బాగుంది తాతా, కానీ మా దగ్గర అంత డబ్బు..."

"ఎంతున్నదో చెప్పు బిడ్డా. ఇచ్చేస్తా. మంచి పడవ మంచోళ్ళకి పోతే చాలు."

అప్పుడిక తప్పించుకునే దారి లేకపోయింది. కొడుకు గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తున్నాడు. మా ఆయన తాత ముందు గొంతుక్కూర్చుని మెల్లగా అన్నాడు. "తాతా, ఎడమ పక్క నీటి గీత కింద రెండు పలకలు పుచ్చినయి. దబ్బనం దిగింది. పైకి తారు పూసి ఉన్నది గాబట్టి నీ చేతికి తెలవలేదు."

నేననుకున్నట్టు తాత దిగులు పడలేదు. మండిపడ్డాడు. "నా పడవ పుచ్చిందా? మద్ది చెక్క అది! ధర తగ్గించడానికి నువ్వేసే ఎత్తులు నాకు తెలవవా? లే! లేచి నా వాకిట్లోంచి పో!" అని చేతికందిన, వల అల్లే దారం చుట్టిన కండె విసిరాడు. అది నా కాలి దగ్గర పడింది. మేం లేచి వచ్చేశాం. వీధి మలుపులో వెనక్కి చూస్తే తాత కర్ర పట్టుకుని ఒక్కడే రేవు వైపు నడుస్తున్నాడు. కొడుకు నాలుగడుగుల వెనక, దగ్గరికి పోలేక, వదిలి రాలేక.

ఆ రాత్రి మేనత్త ఇంట్లో ఉన్నాం. "చెప్పకుండా ఉండాల్సింది" అన్నాను నేను. "అయితే కొనాల్సింది" అన్నాడాయన.

పొద్దున్నే నేను ముంత పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కొడుకు పక్కన సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. తాత మొహం కడుక్కున్నట్టు కూడా లేదు.

"మొన్న ఒకడు కొనబోయాడు బిడ్డా" అన్నాడు అడుగుల చప్పుడుకే నన్ను గుర్తుపట్టి. "సంచుల మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిరిగేటోడు. ధర దగ్గర పట్టుబట్టి నేనే ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే?" చేతికర్ర అరుగుకు ఆనించాడు. "రాత్రంతా అదే. నీ మొగుణ్ణి పిలువు. వడ్రంగి దగ్గరికి పోదాం. నాకు కళ్ళు లేవు గానీ చెక్క తెలుసు."

తెరచాపకు పనికొచ్చే పడవలు కట్టే వడ్రంగి ఆ చుట్టుపక్కల ఒక్కడే మిగిలాడు. అతని చావట్లో రెండు పడవలున్నాయి. ఒకటి పూర్తయింది. తారు పూసి, రంగు వేసి, పైకి ఎగదీసిన ముక్కుతో పెళ్ళికొడుకులా ఉంది. రెండోది ఇంకా సగంలో ఉంది, పచ్చి చెక్క, పలకల మధ్య వెలుతురు కనబడుతోంది. రెండింటికీ ధర దాదాపు ఒకటే చెప్పాడు. పూర్తయినది ఆ రోజే తీసుకుపోవచ్చు. రెండోదానికి నెల ఆగాలి. మా ఆయన కాళ్ళు పూర్తయిన దాని వైపే పోతున్నాయి. నెల ఆగితే దక్షిణపు గాలి సగం అయిపోతుంది.

తాత మాత్రం రెండోదాని పక్కన చతికిలబడ్డాడు. పలకను అరచేత్తో నిమిరాడు, గోటితో గీరాడు, ముక్కు ఆనించి వాసన చూశాడు. "అడుగు మద్ది. పక్కలు వేగిస. ఇది బాగున్నది." తర్వాత పూర్తయిన దాని దగ్గరికి వెళ్ళి పొట్ట మీద చెయ్యి వేశాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

"దీంట్లో ఏముందో నాకు తెలవదు" అన్నాడు. "మంచిదే కావచ్చు. కానీ తారు పూసినాక ఎవరికి తెలుస్తది? కొంటే తారు పూయని పడవే కొను నాయనా. దగ్గరుండి పూయించుకో."

వడ్రంగికి కోపం వచ్చింది. "నా పని మీద నమ్మకం లేదా తాతా?"

"నా కొడుకు మీద నాకు లేదా ఏంది నమ్మకం?" అన్నాడు తాత. కొడుకు అక్కడే ఉన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. తాత చెయ్యి చాచి వెతికి అతని భుజం పట్టుకున్నాడు. మరి వదల్లేదు. వడ్రంగి కోపం కూడా అక్కడితో దిగిపోయింది. పూర్తయిన పడవ అడుగు మామిడి చెక్క అని తనే ఒప్పుకున్నాడు. నాలుగైదేళ్ళు వస్తుందని, అందుకు తగ్గట్టు ధర తగ్గిస్తానని అన్నాడు.

మేం సగం పడవకే బయానా ఇచ్చాం. బేరం మొత్తం తాతే ఆడాడు. ఏ మేకులు వేయాలో, సందుల్లో నూలుపీచు ఎంత బిగించి కూరాలో, ఎవరు ఎదురుగా ఉన్నప్పుడు తారు కాచాలో, అన్నీ మాట తీసుకున్నాడు. పాత పడవకు అడిగిన దానికంటే ఇది కొంచెం ఎక్కువ పడింది, ఫైబర్ కంటే బాగా తక్కువ.

ఇక తెరచాప. వడ్రంగి తెరచాప ఇవ్వడు. నీలం టార్పాలిన్ ముక్కలు అతికి నేనే కుట్టేద్దామనుకున్నాం. కానీ తాత ఇంటికి తిరిగి వెళ్ళినప్పుడు అటక మీద మడత పెట్టి ఉన్న గుడ్డ చూశాను. దించి విప్పాను. మందపాటి కోరా గుడ్డ, చెట్టు బెరడు కషాయంలో నానబెట్టి నానబెట్టి ఇటుక రంగు తేలింది. చేతి కుట్టు. అంచును రెండుసార్లు మడిచి, దాని మీద రెండు వరసల కుట్టు. గాలి ఎక్కువ లాగే మూలల్లో గుడ్డ నాలుగు పొరలు. మాసిక వేసిన చోట మాసిక కూడా గుడ్డ సాగే వైపుకే తిప్పి వేసి ఉంది. ముప్పై ఏళ్ళుగా మిషన్ తొక్కుతున్న నాకు అంత సమంగా కుట్టు పడదు.

"ఎవరు కుట్టారు తాతా?"

"మా ఇంటామె. పోయి ఆరేళ్ళు."

అడగాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి అడిగాను. ఉచితంగా ఇచ్చేస్తాడేమో, అలా ఇస్తే ఎలా తీసుకోవాలి అని భయం. ఆ భయం అక్కర్లేకపోయింది. తాత గట్టి ధరే చెప్పాడు. మా ఆయన గతుక్కుమని నన్ను పక్కకు పిలిచాడు. "ఆ డబ్బుతో నువ్వు మూడు కుట్టొచ్చు గదే!"

"మూడూ కలిపి ఇది ఉన్నన్ని రోజులుండవు" అన్నాను. "పైగా ఆమె పనికి ధర కట్టేవాళ్ళం మనం కాదు." రూపాయి తగ్గించమనలేదు. తాత నోట్లు తీసుకుని, వేళ్ళతో తడిమి, లోపల ఫోటో ముందు పెట్టించి, "మొదటిసారి నీ పనికి డబ్బులొచ్చినయే" అన్నాడు. నేను బయటికి వచ్చేశాను.

నెల తర్వాత పడవ తేవడానికి వెళ్ళాం. తారు కాచిన రోజు తాతా, మా ఆయనా ఇద్దరూ దగ్గరున్నారు. నీళ్ళలోకి దింపి తెరచాప స్తంభం నిలబెట్టాక తాత తనూ ఎక్కి కూర్చున్నాడు. "చింతూరు దాకా వస్తా. గాలి పట్టడం నీకు చెప్పాలె గదా" అన్నాడు. కొడుకు వద్దన్నాడు కానీ వినకపోయేసరికి తనూ వెంట ఎక్కాడు.

మధ్యాహ్నం దాటాక గాలి లేచింది. తెరచాప ఒక్కసారి టపటప కొట్టుకుని, తర్వాత నిండుగా పొంగింది. పడవ నీటికి ఎదురు నడవడం మొదలుపెట్టింది. చప్పుడు లేదు. మా ఆయన ఎడమ చేత్తో చుక్కాని పట్టుకున్నాడు, కుడి చెయ్యి ఒళ్ళో ఊరికే ఉంది. తాత ముక్కు దగ్గర కూర్చుని, చెంప గాలికి తిప్పి, "తాడు సడలించు... ఇప్పుడు లాగు... రాయి వస్తున్నది, నీళ్ళు గుసగుసలాడుతున్నయి, వినబడటంలే?" అని చెబుతూనే ఉన్నాడు. మా ఆయన ఒకసారి గట్టిగా నవ్వాడు. పెళ్ళైన కొత్తలో విన్న నవ్వు అది. చింతూరు దగ్గర తాత దిగి, కొడుకుతో బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆ పడవకు రెండు వానాకాలాలు గడిచాయి. అంతా బాగుందని చెబితే అబద్ధం. మొదటి వారం సందుల్లోంచి నీళ్ళు ఊరి మా ఆయన పొద్దుటా సాయంత్రం తోడి పోశాడు. చెక్క ఉబ్బాక ఆగింది. బరువు ఎక్కువ, ఒడ్డుకి లాగాలంటే నలుగురు కావాలి. గాలి లేని రోజుల్లో ఊరికే కూర్చోవాలి. అవతలి ఒడ్డున మోటులో ఒకాయన ఫైబర్ పడవ కొన్నాడు, దానికి ఇంతవరకు గీత కూడా పడలేదు. ఆ సంగతి మా అన్నయ్య ఇంటికొచ్చినప్పుడల్లా చెప్పి పోతాడు. కానీ పోయిన ఎండాకాలం మా పడవ రాయికి కొట్టుకుని పక్క పలక చీలితే, మా ఆయన ఇక్కడే, మా వాకిట్లోనే, ఒక రోజులో వేరే ముక్క వేసుకున్నాడు. బజారు రోజున మళ్ళీ గంపలు, మనుషులు. గోదాముకి పోవడం మానేశాడు.

తాత వాళ్ళు కాలనీకి వెళ్ళిపోయారు. పాత పడవను అక్కడే వదిలేశారట. ఈ మాఘంలో కొడుకు ఫోన్ చేసి, తాతకు రెండు కళ్ళకీ ఆపరేషన్ అయిందని, పడవను చూడాలని పోరు పెడుతున్నాడని చెప్పాడు. ఒక బజారు రోజున ఇద్దరూ బస్సు దిగారు. తాత నల్లద్దాలు పెట్టుకున్నాడు. నన్ను ఎగాదిగా చూసి, "ఇంత పొట్టిదానివా నువ్వు?" అన్నాడు.

రేవుకు తీసుకెళ్ళాం. అద్దాలు తీసి పడవ చుట్టూ నడిచాడు. వంగి చూశాడు, దూరం జరిగి ఒక కన్ను మూసి చూశాడు. మా ఆయన పరీక్ష రాసిన పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేం ఇష్టపడి వేయించుకున్న రంగు, పసుపు మీద గులాబీ చారలు, ఎండలో మెరుస్తోంది.

"చెక్క మంచిగున్నది" అన్నాడు తాత చివరికి. "ఈ రంగు ఎవడు చెప్పాడ్రా మీకు?"

మా ఆయన నా వైపు చూపించాడు.